ప్రేమకథకు హామీ, సైన్స్ కథకు షరతు

తెలుగు పుస్తకాల వ్యాపారంలో రెండు మాటలు ఎప్పటినుంచో నలుగుతున్నాయి. ప్రేమకథ ఎట్లా రాసినా అమ్ముడుపోతుందని ఒకటి. సైన్స్ ఫిక్షన్ ఎంత బాగా రాసినా మనవాళ్ళు కొనరని రెండోది. రెండూ పాఠకుల గురించే అంటారు గాని, అనేవాళ్ళలో పాఠకులు కనిపించరు. ప్రచురణకర్తలు, సంపాదకులు, సినిమా నిర్మాతలు తమ తమ జమాఖర్చులు చూసుకుని పాఠకుడి తరఫున తీర్పు చెప్పేస్తుంటారు. అరవై ఏళ్ళలో ఏ కథలు నిలిచాయి, ఏవి జారిపోయాయి అని వరసగా చూసుకుంటూ వస్తే ఈ తీర్పులు రెండూ సగం నిజాలేనని తేలుతుంది. బొగ్గుగనుల సీమ మంచిర్యాలలో కూర్చుని చూస్తే ఇంకా తొందరగా తేలుతుంది. ఈ రెండు రకాల కథల్లోనూ ఈ ప్రాంతం దాదాపుగా లేదు. చదివేవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఉన్నారు.

ప్రేమ నవల సంగతి యద్దనపూడి సులోచనారాణి దగ్గర మొదలుపెట్టక తప్పదు. 'సెక్రటరీ' 1964లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా మొదలైంది, 1966లో పుస్తకంగా వచ్చింది, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. మధ్యతరగతి ఆడపిల్ల ఉద్యోగానికి బయల్దేరితేనే వీధి వీధంతా తలుపుల్లోంచి చూసే రోజులవి. అందులో జయంతి ఉద్యోగం చేస్తుంది. డబ్బు, హోదా, రూపం అన్నీ ఉన్న రాజశేఖరం ఎదురుగా నిలబడితే కరిగి నీరైపోదు. అభిమానం దెబ్బతిన్న చోట మొహం తిప్పుకుంటుంది. విమర్శకులు ఈ నవలల్లో మేడలు, కార్లు, ఆరడుగుల నాయకుడు మాత్రమే చూశారు. మధ్యతరగతి ఆడవాళ్ళకు కలలు అమ్ముకునే రచన అని తేల్చారు. కలలు ఉన్న మాట నిజమే. కానీ కారు కోసమే చదివారంటే, ఆ కాలంలో కార్లున్న నాయకులతో వచ్చిన నవలలు వందల్లో ఉన్నాయి, వాటిలో చాలావాటి పేర్లు కూడా ఇవాళ ఎవరికీ గుర్తులేవు. జయంతి గుర్తుంది. ఆమె 'కాదు' అన్న మాటకు కథలో విలువ ఉంది గనక గుర్తుంది.

ఈ వాదనకు గట్టి సాక్ష్యం యద్దనపూడి నవలే మరొకటి, 'మీనా'. అందులో డబ్బున్నది అమ్మాయి. తల్లి చెప్పుచేతల్లో పెరిగిన పిల్ల పల్లెకు వెళ్తుంది, మట్టిలో పనిచేసే బావను ఇష్టపడుతుంది. ఆ నాయకుడికి మేడ లేదు. అయినా ఆ నవల 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమా అయి ఆడింది, మళ్ళీ నలభై ఏళ్ళ తర్వాత 2016లో త్రివిక్రమ్ 'అ ఆ'లో దాని ఛాయలే కనిపించాయి, అదీ ఆడింది. రెండు తరాల ఆడపిల్లలు ఆ కథను ఎందుకు మెచ్చుకున్నారంటే, తల్లి ఎంచిన జీవితాన్ని పక్కనబెట్టి తాను ఎంచుకున్న జీవితంలోకి నడిచి వెళ్ళే అమ్మాయి అందులో ఉంది. కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్' 1971లో సినిమాగా వచ్చి సురేష్ సంస్థను నిలబెట్టిందని చెప్పుకుంటారు. అందులోనూ కథ నడిచేది జమీందారు ఐశ్వర్యం మీద కాదు, అపవాదు పడగానే ఆ మేడ దిగిపోయిన లత ఆత్మాభిమానం మీద. ఆ తరం నవలల్లో తెలంగాణ నుంచి రాసిన మాదిరెడ్డి సులోచన కథానాయికలు ఇంకా ఒక మెట్టు కిందికి, మామూలు సంసారాల్లోకి దిగారు. ఆమె శంషాబాద్ మనిషి. ఆమె గురించి రావలసినంత చర్చ రాలేదు.

1984లో అచ్చయిన తన పుస్తకం కోసం అమెరికాలో జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు ఓ పుస్తకాల దుకాణం చుట్టూ చేరిన గృహిణులను కూర్చోబెట్టి, ఈ ప్రేమ నవలలు ఎందుకు చదువుతారని అడిగింది. వాళ్ళు నాయకుడి అందం గురించి చెప్పింది తక్కువ. తెలివైన నాయిక కావాలన్నారు, చివరికి ఆమె మనసు తెలుసుకునే మగవాడు కావాలన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, పుస్తకం పట్టుకుని కూర్చున్న ఆ గంటసేపు మొగుడూ పిల్లలూ తమను పిలవరని, ఆ గంట తమదని అన్నారు. మొగుడు రెండో షిఫ్టుకు పోయాక, పిల్లలు పడుకున్నాక, సింగరేణి బొగ్గుగనుల క్వార్టర్లలో వారపత్రిక తెరిచిన ఇల్లాలికి ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చిన నవలకు రోజుకు ఇంతని కిరాయి ఉండేది. ఎల్లుండికి తిరిగి ఇచ్చేయాల్సి వచ్చేది. చదువు కూడా డ్యూటీ లాగే గడియారం చూసుకుని చేసేది.

అయితే అమెరికావాళ్ళ సూత్రం ఒకటి మనకు అతకదు. అక్కడ ప్రేమ నవల అంటే సుఖాంతం ఖాయం. అది లేకపోతే ఆ పేరు పెట్టనివ్వరు. మనం శరత్ నవలలను చక్రపాణి అనువాదాల్లో చదువుకుంటూ పెరిగినవాళ్ళం, 1953లో 'దేవదాసు'ను నెత్తిన పెట్టుకున్నవాళ్ళం. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'లో చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఫోన్లో గొంతు తప్ప ఏమీ తెలియని రమ్య, తనను వెతికి పట్టుకోమని చిక్కుముడులు విసురుతుంది. అది సుఖాంతం కాదు. అయినా ఆ నవలను గుండెకు హత్తుకున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కన్నడంలో 'బెళదింగళ బాలె'గా తీస్తే అక్కడా ఆదరించారు. దీన్నిబట్టి తెలుగు పాఠకుడు ప్రేమకథ దగ్గర ఆశించే హామీ పెళ్ళి శుభలేఖ కాదని తెలుస్తుంది. ప్రేమ ఓడిపోవచ్చు, చిన్నబోకూడదు. చావు, వ్యాధి, పెద్దల పంతం ఏదైనా అడ్డురావచ్చు గాని ప్రేమించినవాళ్ళే దాన్ని చవక చేస్తే పాఠకులు క్షమించరు. పెళ్ళితో ముగిసినా ఆడదాన్ని అవమానించి గెలుచుకున్న కథలు ఎన్ని మట్టిలో కలిసిపోయాయో ఆ కాలపు వారపత్రికల పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది.

ఇక మంచిర్యాల సంగతి. ఈ నవలల్లో విజయవాడ ఉంది, హైదరాబాద్ బంజారాహిల్స్ ఉంది, ఊటీ అయితే లేని నవల లేదు. కాజీపేట, బల్లార్షా లైను మీద రైలు దిగే కథానాయిక లేదు. ప్రచురణ ఎక్కువగా విజయవాడ ఏలూరు రోడ్డు చుట్టూ తిరిగేది. ఎమెస్కో లాంటి సంస్థలు చవక ధరల పాకెట్ పుస్తకాలతో, ఇంటింటి గ్రంథాలయం పథకంతో ఎక్కడెక్కడి ఊళ్ళకూ చేరాయి గాని, ఆ ఊళ్ళ మాట మాత్రం పుస్తకాల్లోకి చేరలేదు. ఇక్కడి యాస నవలలో వినిపిస్తే అది పనిమనిషిది లేదా రిక్షావాడిది. తన అమ్మ మాట్లాడే మాటను వంటింటి వెనక నిలబెట్టిన పుస్తకాన్నే తలగడ కింద దాచుకుని చదువుకున్నారు ఇక్కడి ఆడపిల్లలు. దాన్ని ఏమని అనాలి? అంత ఇష్టం ఉన్నదనాలి, లేదా వేరే దారి లేదనాలి. రెండూ నిజమే.

మరి ఇక్కడి రాజశేఖరం ఎవరు? సింగరేణి ఉద్యోగమున్న పిల్లగాడు. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏరియాల్లో పెళ్ళి సంబంధం మాట వస్తే మొదటి ప్రశ్న అదే: పర్మనెంటా, డిపెండెంట్ కింద వచ్చేదా, బాయి లోపలా, సర్ఫేసా. బాయి అంటే బొగ్గుగని అని ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పనవసరం లేదు. తండ్రి ఒంట్లో బాగాలేక దిగిపోతే కొడుక్కి వచ్చే ఉద్యోగం చుట్టూ ఎన్ని అలకలు, ఎన్ని లెక్కలు, అన్నదమ్ముల మధ్య ఎన్ని మౌనాలు ఉంటాయో! ఆ ఉద్యోగం ఎవరికి రాసివ్వాలన్న దానిమీద ఒక ప్రేమ నిలబడటమో విరగడమో జరుగుతుంది. ఇంత నిఖార్సయిన కథావస్తువు చేతిలో ఉండగా, కట్నం తీసుకోని కోటీశ్వరుడిని ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నాం.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 1970లో విప్లవ రచయితల సంఘం, విరసం, ఏర్పడింది, 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, 1981లో ఇంద్రవెల్లిలో గిరిజనుల మీద కాల్పులు. ఆ ఇరవై ముప్పై ఏళ్ళు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కలం పట్టినవాళ్ళు పోరాటం వైపు నడిచారు. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది', సాహుతో కలిసి రాసిన 'కొమురం భీం', తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలు, గని కార్మికుల జీవితం మీద పి.చంద్ నవలలు ఈ నేలకు అసలైన గొంతునిచ్చాయి. ఆ వాతావరణంలో ప్రేమ నవల చదవడం తక్కువ రకం పని. 'క్షుద్ర సాహిత్యం' అన్న ముద్ర ఉండనే ఉంది. కాని పాఠకులు ఆ గీతను ఎన్నడూ పట్టించుకోలేదు. ఒకే ఇంట్లో అన్న చదివే పుస్తకమూ, చెల్లె చదివే పుస్తకమూ ఒకే గూట్లో ఉండేవి. ఒకదాన్నొకటి తిట్టుకున్న ఆ రెండు రకాల కథలూ పాఠకుడికి ఇచ్చిన మాట ఒకటేనని నాకనిపిస్తుంది. చివర తెల్లవారుతుందని ప్రేమ నవల చెప్పింది, విప్లవ కథా చెప్పింది. తూర్పు దిక్కే వేరు.

ఈ రెండూ కలిసిన చోటు 2022లో వేణు ఊడుగుల తీసిన 'విరాటపర్వం'. ఒక దళ నాయకుడి కవిత్వం చదివి అతన్ని ప్రేమించి అడవిబాట పట్టే తెలంగాణ ఆడపిల్ల వెన్నెల కథ అది. ఆమె ప్రేమించింది మనిషినా, పుస్తకాన్నా అన్న ప్రశ్న సినిమా అంతా ఉంటుంది. పాఠకురాలే కథానాయిక అయిన ప్రేమకథ తెలుగులో అరుదు. ఆ తర్వాతి ఏడాది శ్రీకాంత్ ఓదెల 'దసరా' వచ్చింది. బొగ్గు రైళ్ళు, నల్లబడిన గోడలు, ఇక్కడి మాట, స్నేహితుడి కోసం తన ప్రేమను దాచుకునే ధరణి. అందులో కథానాయిక పేరూ వెన్నెలే. 'దసరా'లో నరకడాలు లేకపోతే ఆడేదా అని అడగవచ్చు. ఆడేది కాదేమో. కాని మా మాట తెరమీద నాయకుడి నోట, కుర్రవాడి ప్రేమలో వినబడినప్పుడు ఇక్కడి జనం పొందిన సంబరం కొట్లాటల కోసం కాదు.

ప్రేమకథ దగ్గర పాఠకుడు హామీ అడుగుతాడు. సైన్స్ కథ దగ్గర అడిగేది షరతు. జరగనిది ఒక్కటి జరిగిందని చెప్పు, ఒప్పుకుంటాను. ఆ తర్వాత మాత్రం అన్నీ దాని ప్రకారమే జరగాలి. యుగోస్లావియా నుంచి కెనడా వెళ్ళిన విమర్శకుడు డార్కో సువిన్ 1979లో పెద్ద సిద్ధాంతంగా చెప్పింది ఇదే: కొత్త లోకం వింతగా ఉండాలి, ఆ వింత బుద్ధికి అందాలి. మన దగ్గర వింతకు ఎన్నడూ లోటు లేదు. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి చందమామలో ఏళ్ళ తరబడి రాసిన సీరియళ్ళు పిల్లలను నెలనెలా పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబెట్టాయి. మంత్రాలు, రాకాసులు, పాతాళాలు ఉన్నా ఆ సీరియళ్ళలో కట్టుబాటు ఉంది. మాంత్రికుడి శక్తికి కూడా ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు తెలుసుకున్నవాడే గెలుస్తాడు. షరతు పాటించే కథను ఇష్టపడటం తెలుగు పిల్లలకు చందమామే నేర్పింది.

పెద్దల కోసం రాసినవాళ్ళలో ఈ విషయంలో ముందు చెప్పవలసిన పేరు కొందరికి ఆశ్చర్యం కలిగిస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ. ఆయన ఈ ప్రాంతానికి పరాయివాడేమీ కాదు, 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆయన 'హాహాహూహూ'లో రెక్కలు విరిగిన గుర్రపుముఖం గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. ఇంగ్లీషు పండితులు, శాస్త్రవేత్తలు వాణ్ణి పరీక్షిస్తారు, వాడు తిరిగి వాళ్ళను పరీక్షిస్తాడు. మరో లోకపు జీవి మన లోకానికి వస్తే మన జ్ఞానం ఎంతపాటిది అన్న ప్రశ్న ప్రపంచ సైన్స్ ఫిక్షన్‌కు ప్రాణం. సనాతనుడని పేరుపడ్డ మనిషి దాన్ని వెక్కిరింతగా రాసి వదిలాడు. దాన్ని అందుకుని ముందుకు పోయినవాళ్ళు లేరు.

1980ల్లో అందుకోగలిగినవాడు యండమూరి. పాఠకుల నాడి ఆయనకు తెలుసు, చదువూ ఉంది. ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన 'తులసిదళం'లో చేతబడి ఒకవైపు, వైద్యం, హిప్నాటిజం ఒకవైపు లాగుతుంటాయి. ఏది నిజమో తేల్చుకొమ్మని పాఠకుడికి వదలడం ఆ నవల బలం. తెలుగు సైన్స్ కథకు అదే శాపం కూడా అయిందని నా అభిప్రాయం. చేతబడి ఎంత అమ్ముడుపోయిందో చూశాక మందలు మందలుగా రచయితలు అటే పోయారు. డాక్టరు పాత్ర ఒకటి అలంకారానికి మిగిలింది. ఆయనే 'చీకట్లో సూర్యుడు'తో పాఠకులను అంతరిక్షానికి తీసుకుపోయాడు, ప్రేమను కూడా వెంట పంపించాడు. పాఠకులు వెళ్ళారు. అంటే రాకెట్ ఎక్కడానికి తెలుగువాడికి అభ్యంతరం లేదన్నమాట. పక్క సీట్లో ఒక మనిషి ఉండాలి.

సినిమాలు ఇదే సంగతి పదేపదే చెప్పాయి. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీసినప్పుడు కాలయంత్రం అన్న ఊహే మన తెరకు కొత్త. అది శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళ్తుంది, తర్వాత 2504కు వెళ్తుంది. జనానికి గుర్తున్నది రాయల కొలువు. భవిష్యత్తు భాగంలో అణుయుద్ధం తర్వాత మనుషులు భూమి లోపల బతుకుతుంటారు. హైదరాబాద్ ప్రేక్షకుడికి అది భయపెట్టే ఊహ. రోజూ బాయిలో దిగి ఎనిమిది గంటలు భూమి లోపల ఉండి పైకొచ్చే ఊళ్ళో దానికి అంత జడుపు పుట్టదు. 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం'లో కాలయంత్రం ఎక్కిన కుర్రవాడు చనిపోయిన తల్లిని చూసుకోవడానికి వెనక్కి వెళ్తాడు. విధిని ఎంతవరకు మార్చవచ్చు అన్న షరతును ఆ సినిమా చివరిదాకా తప్పలేదు, అందుకే కన్నీళ్ళు దొంగవనిపించలేదు. 2018 నాటి 'అంతరిక్షం'లో యంత్రాలు, వ్యోమగాములు శ్రద్ధగా ఉన్నా జనం అంతగా ఆదరించలేదు. దారితప్పిన ఉపగ్రహాన్ని సరిచేయాలన్న ఆరాటం కంటే తల్లి ఇంట్లో ఉందా లేదా అన్న ఆరాటం మనవాళ్ళకు పెద్దది. 2024లో 'కల్కి 2898 ఏడీ' లోకమంతా చూసింది. అందులోనూ ఎనిమిది వందల డెబ్బై ఏళ్ళ తర్వాతి కాశీలో కథను లాక్కుపోయేది అశ్వత్థామ ఇచ్చిన మాట, ఒక తల్లి కడుపులోని బిడ్డ.

దీన్ని వెనకబాటు అనేవాళ్ళున్నారు. ముందుకు పోవాల్సిన యంత్రం వెనక్కి పోతున్నదని, శాస్త్రం పేరు చెప్పి పురాణం అమ్ముతున్నారని. పురాణం అమ్మడం వరకు ఒప్పుకుంటాను. బంధం అడగడం తప్పని మాత్రం ఒప్పుకోను. సైన్స్ ఫిక్షన్ మొట్టమొదటి నవలగా లెక్కించే మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో వచ్చింది, అది పుట్టించినవాడు బిడ్డను వదిలేసిన కథే. బంధాన్నీ షరతునూ కలిపి పట్టుకోవడమే రచయిత పని. మనవాళ్ళు చాలాసార్లు బంధం వచ్చింది గదా అని షరతును గాలికి వదిలేశారు.

ఎందుకు వదిలేశారంటే, అడిగేవాళ్ళు లేక. పక్క భాషలు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. బెంగాలీలో సత్యజిత్ రే 1961లో ప్రొఫెసర్ శొంకును పుట్టించాడు, ఇంటి పత్రిక 'సందేశ్' ఉంది గనక పిల్లలకు వరసగా అందించాడు. తమిళంలో సుజాత అనే కలంపేరుతో రాసినాయన బెంగళూరు బి.ఇ.ఎల్.లో ఇంజనీరు. ఆఫీసులో యంత్రం చూసి ఇంటికొచ్చి కథ రాశాడు. మరాఠీలో అయితే విజ్ఞాన పరిషత్తు సైన్స్ కథల పోటీ పెడితే, 1974లో ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని మారుపేరుతో కథ పంపాడు, మొదటి బహుమతి వచ్చింది. మన శాస్త్రజ్ఞుల్లో తెలుగులో కథలు రాసినవాళ్ళు తక్కువ. మహీధర నళినీమోహన్ వంటివారు సైన్స్‌ను అందంగా వివరించారు గాని అది వేరే పని. ఈ మధ్య కాలంలో వృత్తి రీత్యా వైద్యుడైన చిత్తర్వు మధు 'కుజుడి కోసం', 'నీలీ ఆకుపచ్చ' లాంటి నవలలతో గ్రహాంతర కథను వదలకుండా రాస్తూ వచ్చారు. ఆయన పుస్తకాలు చదివినవాళ్ళు ఇష్టంగా చదివారు, కాని అలాంటి నవలలు ఏడాదికి పది వస్తే కదా ఒక అలవాటు ఏర్పడేది. ప్రపంచ కథలను తెలుగులో అందించిన 'విపుల', నెలకో నవల ఇచ్చిన 'చతుర' 1978లో మొదలై 2021లో ఆగిపోయాయి. కొత్తవాళ్ళు తప్పులు రాసి దిద్దుకునే చోట్లు అవి.

సైన్స్ తెలియని పాఠకుడు అన్న సాకు వేరే ఎక్కడైనా చెల్లుతుందేమో, మంచిర్యాలలో చెల్లదు. ఇది ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు చదివి యంత్రాల మధ్య బతికే జిల్లా. జైపూర్‌లో సింగరేణి థర్మల్ కేంద్రం 600 మెగావాట్ల యూనిట్లు రెండు నడుపుతున్నది. గాలి ఎటు నుంచి లోపలికి పోయి ఎటు బయటికి రావాలి, మీథేన్ ఎంత శాతం చేరితే పని ఆపాలి, పైకప్పు కూలేముందు ఎట్లా చప్పుడు చేస్తుంది, ఇవన్నీ ఇక్కడ పాఠ్యపుస్తకం విషయాలు కావు, ప్రాణాల విషయాలు. ఇలాంటి మనిషికి ఏ సినిమాలోనో పొగ వదిలి, నీలం లైటు వేసి, ఏదో మీట నొక్కి యంత్రం పనిచేసిందంటే నవ్వొస్తుంది. తెలుగు సైన్స్ కథను తిరస్కరించినవాళ్ళలో సైన్స్ అర్థంకానివాళ్ళ కంటే అర్థమయినవాళ్ళే ఎక్కువని నా అనుమానం.

ఇక కథావస్తువు సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఇదే జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవాళ్ళకు పెద్ద డైనోసార్ ఎముకలు దొరికాయి. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా. 1988లో పి.యాదగిరి దానికి 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరుపెట్టారు. ప్రాణహిత అవతల సిరోంచ దగ్గరి కోట గ్రామం, ఇవతలి యామన్‌పల్లి, రెండూ ఆ పేరులో ఉన్నాయి. తొమ్మిది మీటర్ల పొడవు, పొడుగు మెడ, ఆకులలములు మేసే జంతువు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒకేచోట దొరికాయి. పన్నెండు ఒక్కచోటే ఎందుకు చచ్చిపోయాయి? వరదా? ఇంతకంటే మంచి మొదటి వాక్యం ఏ రచయితకు కావాలి? ఆ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉంది. ఆ ఊరి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఉంది, తెలుగు కథలో మాత్రం లేదు. దాని కిందికి పోతే పాతిక కోట్ల ఏళ్ళకు పైబడిన అడవులు బొగ్గుగా ఉన్నాయి. వాటిని తవ్వి తీసి రైలెక్కించి కరెంటు చేస్తున్నాం, ఆ కరెంటుతో ఫోను ఛార్జింగ్ పెట్టుకుని అమెరికా డైనోసార్ల సినిమా చూస్తున్నాం.

ఆ ఫోనులోనే ఇప్పుడు ప్రేమకథల కొత్త సంత నడుస్తున్నది. ప్రతిలిపిలో వేల తెలుగు సీరియళ్ళు, పాకెట్ ఎఫ్ఎం, కుకు ఎఫ్ఎంలలో వినే సీరియళ్ళు. బట్టలు కుడుతూ, వంట చేస్తూ, డ్యూటీ బస్సులో కూర్చుని వింటున్నారు. ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా రాయవచ్చు, ఇది నిజంగా మంచి మార్పు. యాస మీద సంపాదకుడి కత్తెర లేదు. తెలంగాణ మాటలో ప్రేమకథలు రాస్తున్న అమ్మాయిలు వస్తున్నారు. అయితే అక్కడ బాగా నడిచే కథల తీరు చూస్తే బెంగ కలుగుతుంది. కోపిష్టి సీఈవో, ఒప్పందం పెళ్ళి, బలవంతంగా కట్టిన తాళి, రెండొందల భాగాల తర్వాత మెత్తబడే మొగుడు. రాజశేఖరం తిరిగి వచ్చాడు, జయంతి రాలేదు. ఆమె 'కాదు' అనే మాటకు ఈ సీరియళ్ళలో అర్థం 'తర్వాతి భాగంలో' అని మారిపోయింది.

అంతకంటే పెద్ద చిక్కు, ఆ కథలకు ముగింపు లేకపోవడం. వారపత్రిక సీరియల్ ముప్పయ్యో నలభయ్యో వారాలకు ముగిసేది, ముగియకపోతే సంపాదకుడు ముగించమనేవాడు. ఫోన్ సీరియల్లో తర్వాతి భాగానికి నాణేలు కట్టాలి కాబట్టి కథ ఎంత సాగితే అంత లాభం. పాఠకులు దీన్ని గుర్తించకుండా లేరు. వందో భాగంలో మళ్ళీ అదే అపార్థం వచ్చినప్పుడు విసుక్కునేవాళ్ళు, లాగుతున్నారు అని రాసేవాళ్ళు చాలామంది. ప్రేమకథ ఇచ్చే హామీ చివర్లో చెల్లుతుంది. చివరే లేని కథ బాకీ పడ్డట్టే. ఇవే వేదికల మీద సైన్స్ కథలు కూడా కొన్ని వస్తున్నాయి, ఎక్కువగా కాలంలో వెనక్కి పోయి భర్తను మార్చుకునే కథలు. 2021లో ఓటీటీలో వచ్చిన 'అద్భుతం'లో వేరువేరు కాలాల్లో ఉన్న అమ్మాయి, అబ్బాయి ఒకే ఫోన్ నంబరు మీద కలుస్తారు, అదే ఏడాది 'కుడి ఎడమైతే'లో ఇద్దరు ఒకే రోజులో చిక్కుకుంటారు. రెండింటిలో రెండోది షరతును బాగా పట్టుకుంది. మొదటిది ప్రేమను బాగా పట్టుకుంది. రెండూ ఒకే చోట దొరకడం ఇంకా కుదరలేదు.

కుదరడానికి వీలున్న కథ ఒకటి ఇక్కడే పడి ఉంది. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భ గనుల్లోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం ఆ కట్టడిని సడలించి సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు ఆడవాళ్ళను అనుమతించింది. ఇప్పుడు మైనింగ్ ఇంజనీరు జయంతి హెల్మెట్ పెట్టుకుని బాయిలోకి దిగవచ్చు. ఆమె కింద పనిచేసే ఓవర్‌మన్ రాజశేఖరం కావచ్చు, డిపెండెంట్ ఉద్యోగం తమ్ముడికి రాసిచ్చి ఇంట్లో పోరు పడుతున్నవాడు కావచ్చు. లోపల బొగ్గు పొరలో కొట్టిన చోట బొగ్గు కానిది ఏదో తగలవచ్చు. యామన్‌పల్లికి ఎంతో దూరం లేదు కదా. అది ఏమిటన్నది రాసేవాళ్ళ ఇష్టం. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పడం మంచిది: గాలి ఏ దారిన వస్తున్నదో, గ్యాస్ ఎంత ఉన్నదో, కప్పుకు బోల్టులు ఎక్కడెక్కడ వేశారో తప్పు రాస్తే మూడో షిఫ్టు దిగి ఇంటికొచ్చినవాళ్ళు మూడో పేజీలోనే పుస్తకం మూసేస్తారు. ఆమె చేత ఊరికే 'సరే' అనిపిస్తే వాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా.